లైనక్స్ బూట్ కానప్పుడు గ్రబ్ మెనూలో ఆప్షన్లను ఒక్కసారికి మార్చి లోపం పట్టుకోవడం

అప్‌డేట్ అయ్యాక రీస్టార్ట్ చేస్తే లోగో కనబడి స్క్రీన్ నల్లబడిపోతుంది. లేదా చుక్కలు తిరుగుతూనే ఉంటాయి, లాగిన్ మాత్రం రాదు. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా చేసే పని సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం. చాలాసార్లు దాని అవసరం ఉండదు. లైనక్స్‌కు గుండెలాంటి ప్రోగ్రామ్ అయిన కెర్నెల్‌ను మెమరీలోకి ఎక్కించేటప్పుడు బూట్‌లోడర్ (ఎక్కువగా గ్రబ్) దానికి ఒక లైను అందిస్తుంది. సిస్టమ్ ఫైళ్లుండే రూట్ పార్టిషన్ ఎక్కడుంది, స్క్రీన్ మీద ఏం చూపించాలి, ముందుగా ఏ ప్రోగ్రామ్ నడపాలి అన్నవన్నీ ఆ లైనులోనే ఉంటాయి. ఆ ఒక్క లైనును ఆ ఒక్క బూట్ వరకు మార్చగలిగితే లోపం ఏ దశలో ఉందో తెలిసిపోతుంది.

మెనూలో చేసే మార్పు మెమరీలోనే ఉంటుంది. డిస్కు మీద ఏ ఫైలూ మారదు. తప్పు రాస్తే మెషిన్ ఆపి మళ్లీ ఆన్ చేయండి, పాత లైనే వస్తుంది. కాబట్టి ప్రయోగాలకు భయపడక్కర్లేదు. అయితే ఆ మార్పుతో తెరుచుకున్న రూట్ షెల్‌లో (పూర్తి అధికారాలతో కమాండ్లు కొట్టే చోట) మీరు చేసేదంతా శాశ్వతమే. జాగ్రత్త అక్కడ కావాలి.

రాతకు సంబంధించి ఒక మాట. ఇక్కడ కమాండ్లూ ఆప్షన్లూ ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో ఉన్నాయి. మీరు టైప్ చేయాల్సింది ఇంగ్లిష్ అక్షరాల్లో, ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప అన్నీ చిన్న అక్షరాలే. పలుకును బట్టి స్పెల్లింగ్ పోల్చుకోవడం కష్టమయ్యే చోట అక్షరాలు విడివిడిగా ఇచ్చాం. చుక్క, సమానం గుర్తు, గీతలు ఎలా కనిపిస్తే అలాగే కొట్టండి.

మెనూ తెరవడం

ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న మెషిన్‌లో గ్రబ్ మెనూ సాధారణంగా కనపడదు. పాత బయోస్ పద్ధతిలో బూట్ అయ్యే మెషిన్ అయితే ఆన్ చేసిన వెంటనే షిఫ్ట్ కీ నొక్కి పట్టుకోండి. కొత్త యూఈఎఫ్ఐ పద్ధతి అయితే కంపెనీ లోగో మాయమవుతున్న సమయంలో ఎస్కేప్ ఒక్కసారి నొక్కండి. అదేపనిగా నొక్కితే మెనూ దాటి "గ్రబ్>" అనే ప్రాంప్ట్‌లో పడతారు. పడినా నష్టం లేదు. "నార్మల్" అని రాసి ఎంటర్ కొట్టి, వెంటనే ఇంకోసారి ఎస్కేప్ నొక్కితే మెనూ వస్తుంది. ఫెడోరాలో ఎస్కేప్ బదులు ఎఫ్8 కూడా పనిచేస్తుంది. పైగా అంతకుముందు బూట్ విఫలమైందని దానికి తెలిస్తే మెనూ తనంతట తానే చూపిస్తుంది. గ్రబ్ కాకుండా సిస్టమ్‌డి-బూట్ అనే బూట్‌లోడర్ వాడే మెషిన్లలో స్పేస్ కీ నొక్కి పట్టుకోవాలి.

మెనూ వచ్చాక ఏదైనా ఎడిట్ చేసేముందు "అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్" లోకి వెళ్లి పాత కెర్నెల్‌తో ఒకసారి బూట్ చేసి చూడండి. అది సరిగ్గా లేస్తే మీ ఫైళ్లూ డిస్కూ బాగున్నట్టే. లోపం కొత్త కెర్నెల్‌లోనో, దాని ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్‌లోనో (రూట్ పార్టిషన్ దొరికేదాకా కెర్నెల్ వాడుకునే చిన్న తాత్కాలిక ఫైల్‌సిస్టమ్), దాని కోసం బిల్డ్ కావాల్సిన డ్రైవర్‌లోనో ఉంది. ఇంత విలువైన సమాచారం ఇంత తేలిగ్గా ఇంకే పరీక్షలోనూ దొరకదు.

పాత కెర్నెల్‌తోనూ లేవకపోతే, బూట్ కావాల్సిన ఎంట్రీ మీద హైలైట్ ఉంచి "ఇ" కీ నొక్కండి. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడిగితే ఎవరో గ్రబ్‌కు తాళం వేశారన్నమాట. అవి తెలియకుండా ముందుకు వెళ్లలేరు. సిస్టమ్‌డి-బూట్‌లోనూ "ఇ" కీయే, కానీ దాని సెట్టింగ్స్‌లో ఎడిటర్ ఆపేసి ఉంటే పనిచేయదు.

మార్చాల్సిన లైను

తెరుచుకున్న ఎడిటర్‌లో పదీ పదిహేను లైన్లు ఉంటాయి. మనకు కావాల్సింది "లైనక్స్" అనే పదంతో మొదలయ్యేది. కొన్ని పాత విడుదలల్లో ఆ పదం "లైనక్స్16" అనో "లైనక్స్‌ఇఎఫ్ఐ" అనో ఉంటుంది. ఆ లైను దాదాపు ఇలా కనిపిస్తుంది:

లైనక్స్ /బూట్/విఎమ్‌లైనజ్-6.8.0-... రూట్=యూయూఐడి=... ఆర్ఓ క్వైట్ స్ప్లాష్ $విటి_హ్యాండాఫ్

విఎమ్‌లైనజ్ అన్నది కెర్నెల్ ఫైలు. "రూట్=" తర్వాత ఉన్నది రూట్ పార్టిషన్ గుర్తింపు సంఖ్య (యూయూఐడి), దీనిలో యూయూఐడి అన్నవి మాత్రం పెద్ద అక్షరాలు. "ఆర్ఓ" అంటే రూట్‌ను మొదట చదవడానికి మాత్రమే మౌంట్ చేయమని, అంటే వాడకానికి కలపమని. "క్వైట్" సందేశాలను అణచివేస్తుంది, "స్ప్లాష్" లోగో చూపిస్తుంది. ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో స్ప్లాష్ బదులు "ఆర్‌హెచ్‌జిబి" అన్న నాలుగు అక్షరాలు ఉంటాయి. చివర డాలర్ గుర్తుతో ఉన్నది ఉబుంటులో కనిపిస్తుంది. లోగో వచ్చేదాకా స్క్రీన్ ఖాళీగా ఉంచడానికి పనికొచ్చేది అది. లోపం వెతికేటప్పుడు దాన్ని కూడా తీసేయండి.

కర్సర్‌ను బాణం కీలతో కదపండి. లైను చివరికి పోవాలంటే కంట్రోల్-ఇ, మొదటికి రావాలంటే కంట్రోల్-ఎ. లైను పొడవైతే స్క్రీన్ అంచున వెనక్కి వాలిన గీత కనిపించి కింది వరుసలో కొనసాగుతుంది. అది ఒకే లైను, ఆ గీత మీరు చెరపాల్సింది కాదు. ఎంటర్ కొట్టొద్దు. కొడితే లైను రెండుగా విరిగి రెండో సగం కెర్నెల్‌కు అందదు. ఆప్షన్‌కూ ఆప్షన్‌కూ మధ్య ఒక స్పేస్ ఉండాలి. సమానం గుర్తుకు అటూ ఇటూ స్పేస్ ఉండకూడదు. కింద "ఇనిట్‌ఆర్‌డి"తో మొదలయ్యే లైనును తాకొద్దు. ఇంకొకటి, గ్రబ్‌కు తెలిసింది అమెరికన్ కీబోర్డ్ అమరిక మాత్రమే. మీ కీబోర్డ్ అమరిక వేరైతే సమానం గుర్తు, అండర్‌స్కోర్, ఏటవాలు గీత వేరే కీల మీద ఉంటాయి.

మార్చాక కంట్రోల్-ఎక్స్ గానీ ఎఫ్10 గానీ నొక్కితే ఆ లైనుతో బూట్ మొదలవుతుంది. వద్దనుకుంటే ఎస్కేప్, మార్పులు పోయి మెనూ వస్తుంది.

ఆప్షన్ పేరులో అక్షరం తప్పితే కెర్నెల్ బూట్ ఆపదు, ఎర్రర్ ఇవ్వదు, దాన్ని పట్టించుకోకుండా సాగిపోతుంది. "ఆ ఆప్షన్ పెట్టినా లాభం లేకపోయింది" అనుకునే సందర్భాల్లో చాలావాటికి ఇదే అసలు కారణం. ఏదో ఒక షెల్ దొరగ్గానే "క్యాట్ /ప్రాక్/సిఎమ్‌డిలైన్" కొట్టి, ఆ బూట్‌కు నిజంగా అందిన లైనును చూసుకోండి.

ముందు తీసేయండి, తర్వాతే చేర్చండి

మొదటి బూట్‌లో కొత్తగా ఏమీ చేర్చొద్దు. క్వైట్, స్ప్లాష్ రెండూ తీసేసి బూట్ చేయండి. ఇప్పుడు స్క్రీన్ మీద సందేశాలు పారతాయి. అవి ఎక్కడ ఆగాయన్నదాన్ని బట్టే తర్వాతి అడుగు ఉంటుంది.

"లోడింగ్ ఇనిషియల్ ర్యామ్‌డిస్క్" అన్న లైను తర్వాత ఇంకేమీ రాకపోతే కెర్నెల్ ఫర్మ్‌వేర్ (బయోస్ లేదా యూఈఎఫ్ఐ) దగ్గరే తడబడుతోంది, లేదా నడుస్తూనే ఉంది గానీ స్క్రీన్ మీద రాయలేకపోతోంది. బ్రాకెట్లలో సెకన్ల లెక్కతో మొదలయ్యే లైన్లు కొంతదూరం వచ్చి ఆగితే సాధారణంగా డిస్కు, డ్రైవర్, ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ వ్యవహారం. ఆకుపచ్చ "ఓకే"లు, ఎర్ర "ఫెయిల్డ్"లు కనిపించాయంటే సాధారణంగా రూట్ పార్టిషన్ దొరికింది, సర్వీసులను మొదలుపెట్టే సిస్టమ్‌డి పనిలో ఉంది. అక్కడ ఆగితే ఎఫ్‌స్టాబ్ (ఏ పార్టిషన్ ఎక్కడ మౌంట్ కావాలో రాసిన ఫైలు) ఎంట్రీనో, ఏదో సర్వీసో కారణం. అన్నీ ఓకే అయ్యి చివర్లో స్క్రీన్ నల్లబడితే గ్రాఫిక్స్.

సందేశాలు వేగంగా పోతుంటే ఫోన్‌తో వీడియో తీసి, నెమ్మదిగా ఆడించి చదవండి. ఒకప్పుడు షిఫ్ట్-పేజ్‌అప్‌తో వెనక్కి జరిపి చూసుకునే వీలుండేది. కెర్నెల్ 5.9 నుంచి దాన్ని తీసేశారు. ఇంకా వివరం కావాలంటే "లాగ్‌లెవెల్=7" చేర్చండి. సిస్టమ్‌డి దశలో ఆగుతుంటే "సిస్టమ్‌డి.లాగ్_లెవెల్=డీబగ్" చేర్చొచ్చు, కానీ అది కుమ్మరించే సందేశాల వరదలో అసలు లైను కొట్టుకుపోతుంది. అందుకని అది మొదటి ప్రయత్నానికి పనికిరాదు.

ఇక్కడినుంచి ఒక బూట్‌కు ఒకే మార్పు. నాలుగు ఆప్షన్లు కలిపి పెడితే మెషిన్ లేవొచ్చు, కానీ లేపింది ఏదో తెలియదు.

నల్ల స్క్రీన్: నోమోడ్‌సెట్

అక్షరాలు ఎన్-ఓ-ఎమ్-ఓ-డి-ఇ-ఎస్-ఇ-టి, మధ్యలో ఖాళీ లేదు. లైను చివర స్పేస్ ఇచ్చి దీన్ని రాయండి.

ఇప్పటి కెర్నెళ్లలో స్క్రీన్ రిజల్యూషన్ నిర్ణయించే పని గ్రాఫిక్స్ డ్రైవర్‌ది. బూట్ మొదట్లో ఫర్మ్‌వేర్ ఇచ్చిన సాదా డిస్‌ప్లే ఉంటుంది. కాసేపటికి ఇంటెల్, ఏఎమ్‌డీ, ఎన్విడియా డ్రైవర్లలో ఏదో ఒకటి దాన్ని తన చేతిలోకి తీసుకుంటుంది. చేతులు మారే ఆ క్షణంలో డ్రైవర్ తడబడితే స్క్రీన్ నల్లబడిపోతుంది, వెనక మెషిన్ మాత్రం నడుస్తూనే ఉండొచ్చు. నోమోడ్‌సెట్ పెడితే ఆ మార్పిడే జరగదు, ఫర్మ్‌వేర్ డిస్‌ప్లేతోనే పని సాగుతుంది. రిజల్యూషన్ తక్కువగా, కిటికీల కదలిక మందంగా ఉంటుంది. రెండో మానిటర్ రాదు, బ్రైట్‌నెస్ కీలు పనిచేయకపోవచ్చు. ఇవి చూసి కంగారు పడొద్దు, ఇది ఇలాగే ఉంటుంది.

దీంతో డెస్క్‌టాప్ వచ్చిందంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌దే తప్పని తేలింది. అంతవరకే దీని పని. దీన్ని శాశ్వతం చేసుకుని నెలల తరబడి వాడటం పొరపాటు, ప్రాసెసర్ మీద అనవసరపు భారం పడుతుంది. వచ్చిన డెస్క్‌టాప్‌లోనే డ్రైవర్ సరిచేసి, రీబూట్ చేసి, ఆప్షన్ లేకుండా లేస్తుందో లేదో చూడాలి.

ఎన్విడియా కార్డు ఉంటే రెండు సంగతులు చూడండి. ఒకటి, కెర్నెల్ అప్‌డేట్‌తో పాటు దాని మాడ్యూల్ (కెర్నెల్‌లోకి లోడ్ అయ్యే డ్రైవర్) కూడా కొత్తగా బిల్డ్ అయిందా? "డికెఎమ్‌ఎస్ స్టేటస్" కమాండ్ ప్రతి కెర్నెల్‌కూ ఏది ఇన్‌స్టాల్ అయిందో చూపిస్తుంది. ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్ పేరు ఆ జాబితాలో లేకపోతే సమాధానం దొరికినట్టే. రెండు, సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కోడ్‌నే నడవనిచ్చే ఫర్మ్‌వేర్ రక్షణ) ఆన్‌లో ఉండి మాడ్యూల్‌కు సంతకం లేకపోతే కెర్నెల్ దాన్ని లోపలికి రానివ్వదు. మాడ్యూల్‌ను చేత్తో లోడ్ చేస్తే "కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్" అని వస్తుంది. "మోక్‌యుటిల్ --ఎస్‌బి-స్టేట్" కొడితే సెక్యూర్ బూట్ సంగతి తెలుస్తుంది.

నోమోడ్‌సెట్‌తోనూ రాకపోతే డెస్క్‌టాప్‌ను పూర్తిగా వదిలేసి టెక్స్ట్ లాగిన్‌కు వెళ్లండి. లైను చివర ఒక్క అంకె, 3, రాస్తే చాలు. పూర్తి రూపం "సిస్టమ్‌డి.యూనిట్=మల్టీ-యూజర్.టార్గెట్". నెట్‌వర్క్ సహా సర్వీసులన్నీ నడుస్తాయి, గ్రాఫికల్ లాగిన్ ఒక్కటే ఉండదు. డ్రైవర్ తీసి మళ్లీ వేయడానికి ఇది ఎంతో అనువైన చోటు. ఒక నిర్దిష్ట డ్రైవర్‌ను మాత్రమే ఆపాలంటే "మోడ్‌ప్రోబ్.బ్లాక్‌లిస్ట్=" తర్వాత దాని పేరు రాయండి. ఉదాహరణకు నూవో, అక్షరాలు ఎన్-ఓ-యు-వి-ఇ-ఎ-యు. వైఫై, సౌండ్ డ్రైవర్ల మీద అనుమానం ఉన్నా ఇదే పద్ధతి.

నిమిషంన్నర ఎదురుచూపు: ఎఫ్‌స్టాబ్

స్క్రీన్ మీద "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్ ఫర్ /డెవ్/డిస్క్/బై-యూయూఐడి/..." అని, పక్కనే 1 నిమిషం 30 సెకన్ల గడువు కనిపించి, అది తీరాక "ఎమర్జెన్సీ మోడ్" అని వస్తే అనుమానమే అక్కర్లేదు. /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ ఫైల్లో రాసిన ఒక పార్టిషన్ దొరకడం లేదు. డిస్కు తీసేసి ఉంటారు, పార్టిషన్‌ను ఫార్మాట్ చేయడంతో యూయూఐడి మారి ఉంటుంది, లేదా లైనులో అక్షరం తప్పి ఉంటుంది. స్వాప్ పార్టిషన్ (మెమరీ చాలనప్పుడు వాడేది) మళ్లీ సృష్టించినా యూయూఐడి మారుతుంది. ఇది చాలామంది మర్చిపోయే విషయం.

గడువు కోసం కూర్చోకుండా నేరుగా "సిస్టమ్‌డి.యూనిట్=ఎమర్జెన్సీ.టార్గెట్" చేర్చి బూట్ చేయండి. ఇక్కడ "రెస్క్యూ.టార్గెట్" పెట్టకూడదు. రెస్క్యూ మోడ్ ఎఫ్‌స్టాబ్‌లోని పార్టిషన్లన్నీ మౌంట్ చేయబోతుంది, మళ్లీ అదే గోతిలో పడుతుంది. ఎమర్జెన్సీ మోడ్ రూట్ ఒక్కదాన్నే తీసుకుంటుంది, అదీ చాలా సిస్టమ్‌లలో చదవడానికి మాత్రమే. రూట్ పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లాక:

1. "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /" కొట్టండి. రీమౌంట్ తర్వాత కామా, దాని తర్వాత స్పేస్ లేకుండా ఆర్, డబ్ల్యూ. ఇది మర్చిపోతే ఎడిటర్ ఫైల్‌ను తెరుస్తుంది గానీ సేవ్ చేయనివ్వదు.
2. "బిఎల్‌కెఐడి" కొట్టి, ఇప్పుడున్న పార్టిషన్లూ వాటి యూయూఐడిలూ చూడండి.
3. /ఈటీసీ/ఎఫ్‌స్టాబ్ తెరిచి ఒక్కో లైను పోల్చండి. జాబితాలో లేని యూయూఐడి ఉన్న లైను ముందు హ్యాష్ గుర్తు పెట్టండి. లైను చెరపొద్దు, తర్వాత సరిచేసుకోవడానికి ఉంటుంది.
4. "సిస్టమ్‌సిటిఎల్ డెమన్-రీలోడ్", ఆ తర్వాత "మౌంట్ -ఎ". తప్పు ఇంకా మిగిలి ఉంటే ఎర్రర్ ఇక్కడే బయటపడుతుంది, ఇంకో రీబూట్ వృథా కాదు.
5. "సిస్టమ్‌సిటిఎల్ రీబూట్".

బయటి డిస్కుల లాంటివి, అంటే లేకపోయినా సిస్టమ్ నడవగలిగేవి ఎఫ్‌స్టాబ్‌లో ఉంటే వాటి ఆప్షన్ల గడిలో "నోఫెయిల్" చేర్చండి. దానితో పాటు "ఎక్స్-సిస్టమ్‌డి.డివైస్-టైమ్ఔట్=10ఎస్" పెడితే ఎదురుచూపు పది సెకన్లతో ముగుస్తుంది.

రూట్ ఖాతాకు పాస్‌వర్డే పెట్టని సిస్టమ్ అయితే ఎమర్జెన్సీ మోడ్ "రూట్ అకౌంట్ ఈజ్ లాక్డ్" అని చెప్పి తలుపు తీయకపోవచ్చు. అప్పుడు ఇనిట్ (కెర్నెల్ మొదట నడిపే ప్రోగ్రామ్) మార్చే పద్ధతి వాడాలి. అది కిందుంది.

రూట్ పార్టిషన్ దొరకనప్పుడు

దీనికి రెండు ముఖాలున్నాయి, రెండింటినీ కలపకండి.

"కెర్నెల్ ప్యానిక్ ... అనేబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)" అని వస్తే, బ్రాకెట్లోని రెండు సున్నాలు చూడండి. కెర్నెల్‌కు డిస్కు అనేదే తెలియలేదు. దాదాపు ఎప్పుడూ కారణం ఒకటే: ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ లేదు, లేదా సగంలో ఆగిపోయింది. /బూట్ పార్టిషన్ నిండిపోయిన సమయంలో అప్‌డేట్ నడిస్తే ఇలా జరుగుతుంది. ఇక్కడ ఆప్షన్లు మార్చి లాభం లేదు. పాత కెర్నెల్‌తో బూట్ చేసి, "డిఎఫ్ -హెచ్ /బూట్"తో ఖాళీ ఎంతుందో చూసి, ఇంకా పాత కెర్నెళ్లను ప్యాకేజ్ మేనేజర్ ద్వారానే తీసేసి, డెబియన్, ఉబుంటుల్లో "అప్‌డేట్-ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ -యు -కె ఆల్", ఫెడోరా కుటుంబంలో "డ్రాకట్ -ఎఫ్ --రీజెనరేట్-ఆల్" నడపండి. /బూట్‌లోని ఫైళ్లను ఆర్‌ఎమ్‌తో చెరిపి ఖాళీ చేయడం కొత్త తలనొప్పి తెచ్చుకోవడమే.

రెండో ముఖం: "అలర్ట్! యూయూఐడి=... డజ్ నాట్ ఎగ్జిస్ట్. డ్రాపింగ్ టు ఎ షెల్!" అని చెప్పి, బ్రాకెట్లలో ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ అన్న ప్రాంప్ట్ రావడం. ఇక్కడ ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ బాగానే ఉంది, అది వెతుకుతున్న పార్టిషన్ కనపడటం లేదు. అక్కడే "బిఎల్‌కెఐడి" కొట్టండి. పార్టిషన్ కనిపించి యూయూఐడి వేరుగా ఉంటే, రీబూట్ చేసి మెనూలో "రూట్=" తర్వాత ఉన్నదంతా తీసి నేరుగా పార్టిషన్ పేరు, "రూట్=/డెవ్/ఎస్‌డిఎ2" లాగా, రాసి చూడండి. లేచాక ఎఫ్‌స్టాబ్‌లోనూ సరిచేసి గ్రబ్ కాన్ఫిగరేషన్‌ను మళ్లీ తయారుచేయాలి.

డిస్కే కనపడకపోతే అది ఎక్కడుందన్నది ముఖ్యం. యూఎస్‌బీ డిస్కు మేల్కొనడానికి టైమ్ పడుతుంది. "రూట్‌డిలే=10" చేర్చితే కెర్నెల్ పది సెకన్లు ఆగి వెతుకుతుంది. ఎన్‌విఎమ్‌ఇ డ్రైవ్ కొన్నిసార్లు కనిపించి కొన్నిసార్లు మాయమవుతుంటే పవర్ ఆదా స్థితుల వల్ల కావొచ్చు. "ఎన్‌విఎమ్‌ఇ_కోర్.డిఫాల్ట్_పిఎస్_మ్యాక్స్_లేటెన్సీ_యుఎస్=0" పెట్టి పరీక్షించండి. ఎన్నడూ కనపడటం లేదంటే ఫర్మ్‌వేర్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ మోడ్ ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారిందేమో చూడండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తర్వాతా, మదర్‌బోర్డ్ మీది చిన్న బ్యాటరీ అయిపోయి సెట్టింగ్స్ మొదటికొచ్చినప్పుడూ ఇలా జరుగుతుంటుంది.

అదే ప్రాంప్ట్‌లో "రన్ ఎఫ్‌ఎస్‌సికె మాన్యువల్లీ" అన్న మాట కనిపిస్తే లోపం ఫైల్‌సిస్టమ్‌ది. సందేశంలోనే పార్టిషన్ పేరుంటుంది. "ఎఫ్‌ఎస్‌సికె /డెవ్/ఎస్‌డిఎ2" అని ఆ పేరుతో నడిపి, అడిగినవాటికి వై కొట్టి, అయ్యాక "ఎగ్జిట్" అనండి, బూట్ కొనసాగుతుంది. మామూలుగా లేచే సిస్టమ్‌లోనే ఫైల్‌సిస్టమ్ మీద అనుమానం ఉంటే "ఎఫ్‌ఎస్‌సికె.మోడ్=ఫోర్స్" చేర్చితే ఆ బూట్‌లో తనిఖీ తప్పనిసరి అవుతుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్‌సిస్టమ్‌కు ఇది అన్ని సిస్టమ్‌లలో పనిచేయదు. అప్పుడు పార్టిషన్‌ను అన్‌మౌంట్ చేసి "ఎక్స్‌ఎఫ్‌ఎస్_రిపేర్" నడపాలి.

ఏదో సర్వీసు దగ్గర ఆగిపోతే

ఆగిన చోట సర్వీసు పేరు కనిపిస్తే "సిస్టమ్‌డి.మాస్క్=" తర్వాత దాని పూర్తి పేరు, చివర ".సర్వీస్" సహా రాయండి. ఆ ఒక్క బూట్‌కు అది లేనట్టే. పేరు తెలియకపోతే "సిస్టమ్‌డి.డీబగ్_షెల్" చేర్చండి. కంట్రోల్-ఆల్ట్-ఎఫ్9 నొక్కితే, ఇతర సర్వీసులు నడుస్తున్నా ఆగినా, ఒక రూట్ షెల్ దొరుకుతుంది. "సిస్టమ్‌సిటిఎల్ లిస్ట్-జాబ్స్" కొట్టి "రన్నింగ్" అని ఉన్నదాన్ని చూడండి. "వెయిటింగ్" అన్నవి దాని కోసం కాచుకుని కూర్చున్నవే. ఆ షెల్ పాస్‌వర్డ్ అడగదు, అందుకని ఈ ఆప్షన్‌ను శాశ్వతంగా ఎప్పుడూ పెట్టకండి.

పాస్‌వర్డ్ లేకుండా రూట్ షెల్

రూట్ పాస్‌వర్డ్ మర్చిపోయినా, సిస్టమ్‌డియే లేవలేకపోయినా "ఇనిట్=/బిన్/బ్యాష్" చేర్చండి. "ఆర్ఓ"ను "ఆర్‌డబ్ల్యూ"గా మార్చితే రీమౌంట్ పని తప్పుతుంది. కెర్నెల్ సిస్టమ్‌డి బదులు నేరుగా బ్యాష్‌ను నడుపుతుంది. అక్కడ "పాస్‌డబ్ల్యూడి" కొట్టి కొత్త పాస్‌వర్డ్ పెట్టండి. "ఆథెంటికేషన్ టోకెన్ మానిప్యులేషన్ ఎర్రర్" అని వస్తే రూట్ ఇంకా రాయడానికి తెరుచుకోలేదని అర్థం. పైన చెప్పిన రీమౌంట్ కమాండ్ కొట్టి మళ్లీ ప్రయత్నించండి.

బయటికి రావడంలోనే చాలామంది తప్పు చేస్తారు. "ఎగ్జిట్" కొట్టొద్దు. బ్యాష్ ఇక్కడ మొట్టమొదటి ప్రాసెస్, అది ముగిస్తే కెర్నెల్ "అటెంప్టెడ్ టు కిల్ ఇనిట్!" అంటూ ప్యానిక్ అవుతుంది. "సింక్" కొట్టి, "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్ఓ /" కొట్టి, "రీబూట్ -ఎఫ్" ఇవ్వండి.

ఫెడోరా, రెడ్ హ్యాట్ కుటుంబంలో దీనికి బదులు "ఆర్‌డి.బ్రేక్" వాడటం మేలు. అది ఇనిట్‌ర్యామ్‌ఎఫ్‌ఎస్ పని ముగిసేచోట ఆపుతుంది, అసలు రూట్ /సిస్‌రూట్ కింద ఉంటుంది. "మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ /సిస్‌రూట్", "సిహెచ్‌రూట్ /సిస్‌రూట్", "పాస్‌డబ్ల్యూడి", ఆ తర్వాత "టచ్ /.ఆటోరీలేబెల్", చివరికి రెండుసార్లు "ఎగ్జిట్". టచ్ కమాండ్ వదిలేస్తే ఎస్‌ఈలైనక్స్ అనే రక్షణ వ్యవస్థకు కొత్త పాస్‌వర్డ్ ఫైలు మీద సరైన లేబుల్ కనపడదు, సరైన పాస్‌వర్డ్ కొట్టినా లాగిన్ కానివ్వదు. తర్వాతి బూట్‌లో అన్ని ఫైళ్లకూ లేబుళ్లు మళ్లీ వేయడానికి కొన్ని నిమిషాలు పట్టి, మెషిన్ తనంతట తానే ఇంకోసారి రీబూట్ అవుతుంది. మధ్యలో పవర్ తీయకండి.

గ్రబ్‌కు తాళం లేకపోతే మీ మెషిన్‌ను ముట్టుకోగలిగిన ఎవరైనా ఇదంతా చేయగలరు. డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే మాత్రం దాని పాస్‌ఫ్రేజ్ లేకుండా ఇక్కడిదాకా రాలేరు.

హార్డ్‌వేర్‌తో పేచీ

సందేశాలు మొదట్లోనే ఆగిపోతే, లేదా కొత్త మెషిన్ ఇన్‌స్టాలర్ దగ్గరే బిగుసుకుపోతే ఈ ఆప్షన్ల గుంపు అవసరమవుతుంది. చిన్నదానితో మొదలుపెట్టండి. పీసీఐఈ లోపాల సందేశాలు, వాటిలో "ఏఈఆర్" అన్న మాట, వరుసగా స్క్రీన్ నింపేస్తుంటే "పిసిఐ=నోఎఇఆర్". దాంతో ఆగేది సందేశాలే, లోపం కాదు. ఇంటరప్ట్‌ల (పరికరాలు ప్రాసెసర్‌కు పంపే సంకేతాల) మీద అనుమానం ఉంటే "పిసిఐ=నోఎమ్‌ఎస్‌ఐ", అదీ కాకపోతే "నోఎపిక్", అక్షరాలు ఎన్-ఓ-ఎ-పి-ఐ-సి. ఐఓఎమ్‌ఎమ్‌యూ (పరికరాలు మెమరీని వాడే తీరును అదుపు చేసే భాగం) ఎర్రర్లు కనిపిస్తే ప్రాసెసర్‌ను బట్టి "ఇంటెల్_ఐఓఎమ్‌ఎమ్‌యూ=ఆఫ్" లేదా "ఎఎమ్‌డి_ఐఓఎమ్‌ఎమ్‌యూ=ఆఫ్".

"ఎసిపిఐ=ఆఫ్" (ఎసిపిఐ అంటే హార్డ్‌వేర్, పవర్ వివరాలను ఫర్మ్‌వేర్ పట్టికల రూపంలో కెర్నెల్‌కు అందించే పద్ధతి) అందరూ ముందుగా సలహా ఇచ్చేది, నిజానికి అది చిట్టచివరిది. అది పెడితే పవర్ బటన్, బ్యాటరీ లెక్క, ఫ్యాన్ నియంత్రణ పోవచ్చు. కొత్త ల్యాప్‌టాప్‌లలో కీబోర్డ్, టచ్‌ప్యాడ్ కూడా పనిచేయకపోవచ్చు. దానితో లేస్తే తప్పు ఫర్మ్‌వేర్ పట్టికల్లో ఉందని తెలుస్తుంది. తర్వాత చేయాల్సింది ఫర్మ్‌వేర్ అప్‌డేట్ కోసం చూడటం.

మెషిన్ బిగుసుకుపోయినప్పుడు పవర్ బటన్ పట్టుకునేముందు ఆల్ట్, సిస్‌రెక్ కీలు పట్టుకుని ఎస్, యు, బి కీలను ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో రెండు మూడు సెకన్లు ఆగుతూ నొక్కండి. చాలా కీబోర్డుల మీద ప్రింట్ స్క్రీన్ కీయే సిస్‌రెక్. రాయాల్సిన డేటా రాసి, డిస్కులను చదవడానికి మాత్రమే పెట్టి, రీబూట్ చేస్తుంది. కొన్ని డిస్ట్రోల్లో ఇది పూర్తిగా తెరిచి ఉండదు. "సిస్‌రెక్_ఆల్వేస్_ఎనేబుల్డ్" అన్న ఆప్షన్ ఆ బూట్‌కు తెరుస్తుంది. అందులో సిస్‌రెక్ స్పెల్లింగ్ ఎస్-వై-ఎస్-ఆర్-క్యూ.

లేచాక

"జర్నల్‌సిటిఎల్ -బి -1 -పి ఎర్ర్" కొడితే అంతకుముందు బూట్‌లో నమోదైన ఎర్రర్లు కనిపిస్తాయి. చివరి పదం ఇ-ఆర్-ఆర్. రూట్ పార్టిషన్ దొరకకముందే ఆగిపోయిన బూట్ అక్కడ ఉండదు, ఎందుకంటే రాయడానికి అప్పటికి డిస్కే లేదు. దానికి మీ ఫోన్ వీడియోనే ఆధారం.

అసలు కారణం సరిచేయగలిగితే ఆప్షన్‌తో పని లేదు. ఎన్‌విఎమ్‌ఇ పవర్ ఆప్షన్ లాంటిది నిజంగానే ఎప్పుడూ కావాలనుకుంటే, అది లేకుండా ఒకసారి, ఉంచి ఒకసారి బూట్ చేసి తేడా దానివల్లేనని తేల్చుకున్నాకే శాశ్వతం చేయండి. డెబియన్, ఉబుంటుల్లో /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైల్లో "గ్రబ్_సిఎమ్‌డిలైన్_లైనక్స్_డిఫాల్ట్" లైనులో, కొటేషన్ గుర్తుల లోపల చేర్చి, "సుడో అప్‌డేట్-గ్రబ్" నడపాలి. ఆ పేరంతా పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఇక్కడ పెట్టినవి మెనూలోని రికవరీ మోడ్ ఎంట్రీలకు వర్తించవు. వాటికీ కావాలంటే చివర "డిఫాల్ట్" లేని లైనులో పెట్టండి. ఫెడోరా కుటుంబంలో ఫైలు తెరవక్కర్లేదు: "సుడో గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నెల్=ఆల్ --ఆర్గ్స్=" తర్వాత కొటేషన్‌లో ఆప్షన్. ఇందులో ఆల్ మాత్రం పెద్ద అక్షరాలు, గ్రబ్బీ స్పెల్లింగ్ జి-ఆర్-యు-బి-బి-వై. కొత్త కెర్నెల్ వచ్చాక ఆ ఆప్షన్ అవసరం ఇంకా ఉందో లేదో మెనూలో దాన్ని చెరిపి ఒకసారి బూట్ చేసి చూడండి. అక్కర్లేదని తేలితే అదే కమాండ్‌లో "--ఆర్గ్స్" బదులు "--రిమూవ్-ఆర్గ్స్" రాసి తీసేయండి.